రెండున్నర లక్షలు వద్దన్న రోజు

పోయిన నెల ఒక రిటైర్మెంట్ సభకి వెళ్ళాను. శాలువాలూ దండలూ అయ్యాక ముఖ్య అతిథిగారు మైకు అందుకుని విశ్వవిద్యాలయాల స్వయంప్రతిపత్తి గురించి మొదలుపెట్టారు. అలాంటి ఉపన్యాసంలోకి, వందేళ్ళ కిందట కలకత్తా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరుగా చేసిన అశుతోష్ ముఖర్జీ రాకుండా ఉండడు. వచ్చాడు. 1922, కలకత్తా విశ్వవిద్యాలయం పాలక సభ అయిన సెనేట్, ప్రభుత్వం షరతులతో ఇస్తానన్న రెండున్నర లక్షల రూపాయలు, ఆయన లేచి "ముందు స్వేచ్ఛ, ఆ తర్వాతా స్వేచ్ఛ, ఎప్పటికీ స్వేచ్ఛే" అనడం. హాలంతా చప్పట్లు.

నా పక్క కుర్చీలో అకడమిక్ కన్సల్టెంటుగా, అంటే పర్మినెంటు కాని అధ్యాపకుడిగా పనిచేస్తున్న కుర్రాడు కూర్చున్నాడు. కుర్రాడంటున్నాను గానీ నలభై దాటాయి, పదమూడేళ్ళుగా అదే పోస్టు. చప్పట్లు కొడుతూనే నా వైపు వంగి, "సార్, ఆ నెల వాళ్ళకి జీతాలు పడ్డాయంటారా?" అన్నాడు.

అప్పటికి నవ్వేశాను. బస్సులో ఇంటికొస్తుంటే మాత్రం అదే మాట బుర్రలో తిరిగింది. ఎందుకంటే జవాబు నాకు తెలుసు. పడలేదు. ఆ ఏడు కలకత్తాలో పోస్ట్‌గ్రాడ్యుయేట్ అధ్యాపకుల జీతాలు బకాయి పడ్డాయి. పేపర్లు దిద్దినవాళ్ళకి కూడా డబ్బులు అందలేదు.

నేను ఒక విశ్వవిద్యాలయం ఫైనాన్స్ సెక్షన్లో ముప్పై ఒక్కేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా దిగిపోయినవాణ్ణి. ఉపన్యాసం వింటే ముందు అందులో జమ ఎంత, ఖర్చు ఎంత అని వెతుక్కునే జబ్బు నాది. ఈ కథలో జమాఖర్చుల ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తితే అశుతోష్ చిన్నవాడైపోతాడని భయం కాబోలు. అలా ఏమీ కాదని నా నమ్మకం. ఆయన ఆ డబ్బు వద్దనడం సరైన పనే. కానీ ఆ స్వేచ్ఛకి ఖర్చు పెట్టుకున్నదెవరో చెప్పకుండా చప్పట్లు కొట్టడం మాత్రం నాకు మింగుడు పడదు.

అదుపు కోసం కట్టిన సెనేట్

1904లో వైస్రాయి కర్జన్ చేసిన విశ్వవిద్యాలయాల చట్టం ఉద్దేశం దాపరికం లేనిది. సెనేట్‌లో వంద మందికి మించకూడదు, వాళ్ళలో ఎక్కువమందిని ఛాన్సలరే నామినేట్ చేస్తాడు, ఛాన్సలరంటే సాక్షాత్తూ వైస్రాయి. కలకత్తా పెద్దమనుషులు అప్పట్లో గగ్గోలు పెట్టారు. ప్రభుత్వం చెప్పినట్టు తలూపే మండలి తయారవుతుందని అందరి లెక్క. ఆ తలూపే మండలిలోనే 1906లో హైకోర్టు జడ్జి అశుతోష్ వైస్ ఛాన్సలరై, రెండేళ్ళకోసారి పదవి పొడిగించుకుంటూ 1914 దాకా కూర్చుని, సర్కారు కట్టిన బండిని సర్కారు వద్దన్న దారి పట్టించాడు. చట్టం రాసినవాళ్ళకి కమిటీల సంగతి పూర్తిగా తెలిసినట్టు లేదు. ఎవరు నామినేట్ చేశారన్న దానికంటే అజెండా ఎవరు రాస్తున్నారన్నదే కమిటీలో పెద్ద విషయం.

వైస్ ఛాన్సలర్ పదవికి అప్పట్లో జీతం లేదు. పగలు కోర్టు, మిగతా వేళంతా రోజువారీ పాలన చూసే సిండికేట్ కాగితాలు.

కలకత్తా విశ్వవిద్యాలయం 1857 నుంచి పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ. పాఠం చెప్పేది కాలేజీలు. దాన్ని పాఠం చెప్పే, పరిశోధన చేసే చోటుగా మార్చాలన్నది అశుతోష్ పట్టు. దానికి డబ్బు కావాలి. బారిస్టరు తారక్‌నాథ్ పాలిత్ 1912లో లక్షల విలువైన ఆస్తి రాసిచ్చాడు. మరుసటేడు రాస్‌బిహారీ ఘోష్ పది లక్షలిచ్చాడు. తమ డబ్బుతో పెట్టే ఆచార్య పదవుల్లో భారతీయులే ఉండాలని ఇద్దరూ షరతు పెట్టారు. అంటే షరతు లేని డబ్బు అప్పుడూ లేదు. కాకపోతే ఈ షరతు అశుతోష్‌కి నచ్చిన షరతు. 1914 మార్చి 27న సైన్స్ కాలేజీకి శంకుస్థాపన జరిగింది, ఆయన పదవీకాలం ముగియడానికి కొద్ది రోజుల ముందు. మార్చి నెలాఖరు హడావుడి ఏమిటో నాకు తెలుసు కాబట్టి ఆ తేదీ చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

పాలిత్ పేరుతో పెట్టిన ఫిజిక్స్ ఆచార్య పదవికి ఎవరిని పిలిచారో మనకి తెలిసిందే. సర్కారు ఫైనాన్స్ శాఖలో పెద్ద జీతం మీద ఉన్న సి.వి.రామన్‌ని. విదేశంలో శిక్షణ పొంది రావాలన్న నిబంధన ఉంటే, నేను పోను అన్నాడాయన. నిబంధన సడలించారు. 1917లో దాదాపు సగం జీతానికి వచ్చి చేరాడు. మా సెక్షన్లో ఈ ఫైలు వచ్చి ఉంటే, దాత పెట్టిన షరతుని సడలించే అధికారం సిండికేట్‌కి ఎక్కడిదని నేనే ఒక నోట్ రాసి ఉండేవాణ్ణి. రూలు ప్రకారం నాదే రైటయ్యేది. రామన్ అకౌంటెంట్ జనరల్‌గా రిటైరయ్యేవాడు.

మెట్రిక్ ఫీజు

దాతల డబ్బు సైన్స్ కాలేజీకి సరిపోయిందేమో గానీ, 1917లో కలకత్తాలో పోస్ట్‌గ్రాడ్యుయేట్ చదువులన్నీ విశ్వవిద్యాలయం కిందికే తెచ్చుకున్నాక ఆ అధ్యాపకుల జీతాలకి ఏటా సొమ్ము కావాలి. అది వచ్చింది పరీక్షల ఫీజుల్లోంచి. ముఖ్యంగా మెట్రిక్ పిల్లలు కట్టిన ఫీజుల్లోంచి.

ఇక్కడ కాస్త ఆగుతాను. తూర్పు బెంగాల్ పల్లెలో ఏ గుమాస్తా కొడుకో మెట్రిక్ రాయడానికి ఫీజు కట్టాడు. ఆ పిల్లవాడు ఎం.ఏ. మొహం చూడడు, చాలాసార్లు మెట్రిక్కే పాసవడు. అతని ఫీజులో పరీక్ష ఖర్చు పోగా మిగిలింది కలకత్తాలో పాళీకీ, టిబెటన్‌కీ, ప్రాచీన భారత చరిత్రకీ తరగతులు నడపడానికి వెళ్ళింది. నేను దీన్ని తప్పంటున్నానా? తప్పంటే నా ముప్పై ఒక్కేళ్ళ నౌకరీ అంతా తప్పే అవుతుంది. అనుబంధ కాలేజీలున్న మన విశ్వవిద్యాలయాల్లో చాలావాటి బతుకు ఇవాళ్టికీ అదే. ప్రభుత్వమిచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకీ పెన్షన్లకీ చాలదు. మిగతాది పరీక్ష ఫీజు, సప్లిమెంటరీ ఫీజు, రీవాల్యుయేషన్ ఫీజు, హాజరు చాలనివాళ్ళ కండోనేషన్ ఫీజు, ఆలస్య రుసుము.

నేను కొత్తగా చేరినప్పుడు ఫీజులు డీడీల్లో వచ్చేవి. ఒకసారి ఒక తండ్రీ కొడుకూ ఎక్కడో మారుమూల నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. డీడీ రిజిస్ట్రార్ పేరున తీశారు, మాకు కావలసింది పరీక్షల కంట్రోలర్ పేరున. బ్యాంకు మూసే వేళయింది, ఆ రోజే ఆఖరి తేదీ. మర్నాడు కొత్త డీడీ తెస్తే ఆలస్య రుసుము పడింది. ఆ పెద్దాయన నన్నేమీ అనలేదు. "ఈ ఎక్కువ కట్టిందానికి వేరే రసీదు ఇస్తారా బాబూ" అని మాత్రం అడిగాడు. ఇచ్చాను. అదే వారం పరీక్షల ఖాతాలోంచి జీతాల ఖాతాకి ఒక మొత్తం "తాత్కాలికంగా" మళ్ళించే ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. "గ్రాంటు విడుదల కాగానే తిరిగి జమ చేయగలము" అని దాని కింద రాసేది నేనే. సర్వీసులో ఆ వాక్యం ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. తిరిగి జమ చేసింది ఒకటి రెండుసార్లు చూశాను.

కాబట్టి కలకత్తా లెక్కలు చదువుతుంటే నాకు పరాయి ఊరి కథలా అనిపించదు. ఫీజు మీద బతికే సంస్థకి అభ్యర్థుల సంఖ్య తగ్గడమంటే ప్రాణం మీదికి రావడం. 1917లో పాట్నా, 1920లో రంగూన్, 1921లో ఢాకా విశ్వవిద్యాలయాలు వచ్చి కలకత్తా పరిధిని కోసుకుపోయాయి. అదే సమయంలో సహాయ నిరాకరణ. పిల్లలు స్కూళ్ళూ కాలేజీలూ వదిలేస్తుంటే పరీక్ష ఫీజులు ఎక్కణ్ణుంచి వస్తాయి? అప్పటికి పెట్టుకున్న డిపార్ట్‌మెంట్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఖజానా ఇలా ఉన్నప్పుడు, 1921లో, అశుతోష్ మళ్ళీ వైస్ ఛాన్సలరయ్యాడు.

దీని ఫలితం కళ్ళకి కనిపించింది. ఫిజిక్స్ చెప్పే సత్యేంద్రనాథ్ బోస్ 1921లో ఢాకా వెళ్ళాడు. మరో ఫిజిక్స్ శాస్త్రవేత్త మేఘనాథ్ సాహాకి అదే ఏడు ఖైరా పేరుతో ఉన్న ఆచార్య పదవి ఇచ్చారు గానీ ప్రయోగాలకి సామాను కొనే డబ్బు లేదు. 1923లో అలహాబాదు వెళ్ళిపోయాడు.

షరతులు నిజంగా అంత చెడ్డవా

1922లో బెంగాల్ ప్రభుత్వం రెండున్నర లక్షలు ఇస్తామంది. షరతులేమిటి? ఆర్థిక పరిస్థితి మెరుగుపడేదాకా కొత్త విస్తరణ వద్దు. ఈ డబ్బుతో ముందు అధ్యాపకుల జీతాలూ పరీక్షకుల బకాయిలూ తీర్చాలి. జమాఖర్చుల లెక్క నెలనెలా ప్రభుత్వానికి పంపాలి.

ఒక్క నిమిషం అశుతోష్‌ని మరిచిపోయి ఈ మూడూ చదవండి. రెండోదాన్ని ఏ యూనియన్ నాయకుడైనా కళ్ళకద్దుకుంటాడు. మూడోదాన్ని ఏ ఆడిటరైనా మెచ్చుకుంటాడు. మొదటిది సంసారం చేసుకునే ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతి. పైగా అడుగుతున్నది దొరలే అనడానికీ లేదు. 1921 నుంచి విద్యాశాఖ భారతీయ మంత్రి చేతిలో ఉంది. ఆయన ప్రభాస్‌చంద్ర మిత్ర. డబ్బు మంజూరు చెయ్యాల్సింది శాసన మండలి, అందులో ఎక్కువమంది ఎన్నికైనవాళ్ళు. ముందూ వెనకా చూడకుండా విస్తరించారని విశ్వవిద్యాలయాన్ని అక్కడ తిట్టిపోసింది వాళ్ళే. బయట జదునాథ్ సర్కార్ లాంటి చరిత్రకారుడు కూడా ప్రమాణాలు పడిపోయాయని, చదువు కంటే తలకాయల లెక్క ముఖ్యమైపోయిందని మండిపడుతున్నాడు. వీళ్ళందర్నీ దొరల తొత్తులని కొట్టిపారేస్తే మనకి సుఖంగానే ఉంటుంది గానీ అది నిజం కాదు. బెంగాల్ ప్రభుత్వమే ఆ ఏళ్ళలో డబ్బుకి కటకటలాడుతోంది. రాష్ట్రాలకీ కేంద్రానికీ మధ్య రాబడి పంచిన మెస్టన్ ఏర్పాటు దాని నడ్డి విరిచింది.

ఇక్కడిదాకా వచ్చాక ఒక రాత్రంతా నేను అవతలి పక్షానే ఉన్నాను. లెక్కలు పంపడానికి నొప్పేమిటయ్యా పెద్దమనిషీ అనిపించింది.

నన్ను ఇవతలికి లాగింది 1913 నాటి ఒక సంఘటన. ఆ ఏడు సెనేట్ ముగ్గుర్ని లెక్చరర్లుగా ఎంచుకుంది. అబ్దుల్ రసూల్, అబ్దుల్లా సుహ్రవర్ది, కె.పి.జయస్వాల్. ప్రభుత్వం ఒప్పుకోలేదు. వాళ్ళ పాండిత్యం మీద అనుమానం ఉండి కాదు, వాళ్ళ రాజకీయ సంబంధాలు నచ్చక. జయస్వాల్ తర్వాత ఎంత పెద్ద చరిత్రకారుడయ్యాడో చెప్పనక్కర్లేదు. ఆ దెబ్బ తిన్న సెనేట్‌లో కూర్చున్నవాడు 1922 షరతుల్ని చదివే తీరు వేరు. నెలనెలా లెక్క అంటే మొదటి నెల మొత్తాలు అడుగుతారు. మూడో నెల, ఈ పద్దు ఎందుకింత అంటారు. ఆరో నెల, ఈ మనిషికి ఎందుకు ఇస్తున్నారంటారు. నేను అటువైపు నుంచి కూడా చూశాను. సచివాలయం నుంచి మాకు వచ్చే లేఖలు ముందు "వివరణ కోరడమైనది" అని మొదలై, ఏడాది తిరిగేసరికి "ఇందుమూలముగా ఆదేశించడమైనది" దగ్గరికి వచ్చేవి. మధ్యలో ఏ చట్టమూ మారలేదు.

పైగా కొత్త విస్తరణ వద్దన్నది జమాఖర్చుల మాటలా కనిపించే విద్యా నిర్ణయం. ఏ సబ్జెక్టు ఉండాలో, ఏది అక్కర్లేదో తేల్చే మాట అది. అది సెనేట్ నోటినుంచి రావాలి. అణా పైసలు చూసే గుమాస్తా నోటినుంచి రాకూడదు, ఆ గుమాస్తా నేనైనా సరే.

పస్తు ఎవరిది

1922 డిసెంబరు 2న సెనేట్‌లో ఆయన అన్న మాటల్లో మనవాళ్ళు చెప్పుకోనిది ఒకటుంది. ఒక చేత్తో బానిసత్వం, ఇంకో చేత్తో డబ్బు ఇస్తున్నారు, ఆ డబ్బు నాకక్కర్లేదు అన్నాడు. ఖర్చు తగ్గించుకుంటాం, బెంగాల్ అంతా ఇంటింటికీ తిరిగి అడుక్కుంటాం అన్నాడు. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత, నా పోస్ట్‌గ్రాడ్యుయేట్ అధ్యాపకుల్ని వాళ్ళ కుటుంబాల్ని పస్తులుంచైనా స్వేచ్ఛని కాపాడుకోమని అడుగుతాను అన్నాడు.

హైకోర్టు జడ్జి జీతం నెలనెలా అందుకునే మనిషి ఆ మాట అనొచ్చా?

దీని మీద మా ఇంట్లో చిన్న గొడవే అయింది. మా ఆవిడ టీచరుగా చేసి రిటైరయింది. "వాళ్ళ పెళ్ళాల్ని అడిగాడా?" అంది. నేను ఆయన నిజాయితీ గురించి, వైస్ ఛాన్సలర్‌గా పైసా తీసుకోకపోవడం గురించి చెప్పబోయాను. "అది ఆయన మంచితనం. బియ్యం డబ్బాకి దాంతో ఏం సంబంధం?" అంది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఆయన పక్షాన చెప్పగలిగింది ఒకటే. ఖర్చు ఎవరిదో ఆయన దాచలేదు. నిర్ణయం తీసుకుంటున్న హాలులోనే, రికార్డుకెక్కేలా, పస్తుండాల్సింది ఫలానావాళ్ళు అని పైకి చెప్పాడు. మన పాలక మండళ్ళు ఆ మాత్రం కూడా చెయ్యవు. "ఆర్థిక క్రమశిక్షణ చర్యలు" అని తీర్మానం రాస్తారు, గెస్ట్ ఫ్యాకల్టీకి నాలుగు నెలల డబ్బు ఆగిపోతుంది. ఆ తీర్మానం ఎక్కడ వెతికినా వాళ్ళ ప్రస్తావన ఉండదు. చాలాసార్లు అది అసలు అజెండాలోనే ఉండదు. మీటింగు మొదలయ్యాక టేబుల్ ఐటెంగా పెట్టి, టీలు వచ్చేలోగా ఆమోదిస్తారు.

మాట మీద నిలబడ్డాడు కూడా. 1923 మార్చిలో గవర్నర్ లార్డ్ లిట్టన్, ప్రభుత్వంతో సహకరిస్తానంటే వైస్ ఛాన్సలర్ పదవి మళ్ళీ ఇస్తానని ఉత్తరం రాస్తే, రెండు రోజుల్లో ఘాటుగా తిరగ్గొట్టి తప్పుకున్నాడు. మరుసటేడు మేలో పాట్నాలో చనిపోయాడు, అరవై నిండకుండానే. ప్రభుత్వం తర్వాతి ఏళ్ళలో మళ్ళీ గ్రాంట్లిచ్చింది, పోస్ట్‌గ్రాడ్యుయేట్ శాఖలు నిలబడ్డాయి. అంటే ఆయన పందెం గెలిచింది. గెలిచింది కాబట్టే మనం చప్పట్లు కొడుతున్నామా అన్న అనుమానం నన్ను వదలదు.

వాల్తేరు దాకా వచ్చింది

ఆ పస్తుల డిపార్ట్‌మెంట్లతో మనకీ చుట్టరికం ఉంది. 1921లో, అంటే ఖజానా ఖాళీ అవుతున్న ఏడే, అశుతోష్ మైసూరు నుంచి ఒక తెలుగాయన్ని పిలిచి ఫిలాసఫీలో ఐదో జార్జి పేరుతో ఉన్న ఆచార్య పదవిలో కూర్చోబెట్టాడు. ఆయన సర్వేపల్లి రాధాకృష్ణన్. పదేళ్ళ తర్వాత అదే మనిషి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా వచ్చాడు. ఇక్కడా కథ మొదట్లో అలాంటిదే. 1926లో బెజవాడలో పెట్టిన విశ్వవిద్యాలయం, ముఖ్యస్థానం ఏ ఊళ్ళో ఉండాలన్న కొట్లాటలో కొన్నేళ్ళు గడిపి 1930లో వాల్తేరు చేరింది. పరీక్షలు పెట్టే సంస్థకి పాఠం నేర్పించాల్సిన పని రాధాకృష్ణన్ మీద పడింది. కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసిన భగవంతంగారు ఫిజిక్స్‌కి వచ్చారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలిస్తే సైన్స్ కాలేజీ నిలదొక్కుకుంది.

రాధాకృష్ణన్ కంటే ముందు ఆ కుర్చీలో ఉన్న కట్టమంచి రామలింగారెడ్డి 1930లో సర్కారు దమనకాండకి నిరసనగా రాజీనామా చేశాడు. ఆ నిరసన ఆయన సొంత ఖర్చు మీద జరిగింది. కట్టమంచి రాజీనామాని నేను అశుతోష్ ఉపన్యాసం కంటే ఒక మెట్టు పైన పెడతాను. ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉంటారని తెలుసు.

నా సవరణ

మొన్న ఆ కుర్రాడు ఇంటికొచ్చాడు. కాఫీ తాగుతూ, "అయితే సార్, ఆ రోజు మీరు సెనేట్‌లో ఉంటే ఎటు చెయ్యెత్తేవారు?" అన్నాడు.

అశుతోష్ వైపే ఎత్తేవాణ్ణి. ఎత్తి, కూర్చోకుండా ఒక సవరణ పెట్టేవాణ్ణి. లెక్కలు సర్కారుకి పంపం, బాగుంది. అయితే అవే లెక్కలు నెలనెలా మనమే పత్రికల్లో అచ్చు వేద్దాం. మెట్రిక్ ఫీజుల్లో వచ్చింది ఇంత, పరీక్షకి అయింది ఇంత, మిగిలింది ఫలానా శాఖకి వెళ్ళింది. జీతాలు రానివాళ్ళు ఇంతమంది, ఇన్ని నెలలవి. ఇంటింటికీ తిరిగి చందా అడగబోతున్నాం కదా, ఆ కాగితం చేతిలో పెట్టుకునే అడుగుదాం. ఇంకో పంక్తి కూడా చేర్చేవాణ్ణి. బకాయిలు తీరేదాకా సెనేట్ సభ్యులు ఒక్కొక్కరూ తమ రాబడిలోంచి నెలకి కొంత ఈ ఖాతాలో వెయ్యాలని.

కుర్రాడు కాసేపు ఆలోచించాడు. "మొదటిదానికి ఎవరో ఒకరు సెకండ్ చేసేవాళ్ళు సార్. రెండోదానికి?"

కెమిస్ట్రీ పాలిత్ ఆచార్యుడు ప్రఫుల్ల చంద్ర రాయ్ చేసేవాడని చెప్పాను. అరవయ్యేళ్ళు నిండిన దగ్గర్నుంచీ ఆయన తన జీతం మొత్తం విశ్వవిద్యాలయానికే తిరిగిచ్చేశాడు, అప్పటికే ఇస్తున్నాడు కూడా. ఆయన కాకుండా ఇంకెవరని అడిగాడు. పేర్లు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. కాఫీ చల్లారిపోయింది.